సౌనా, చన్నీటి మునక: ఏ క్రమంలో, ఎంతసేపు, ఏ జాగ్రత్తలతో

చదువుకో ఉద్యోగానికో ఫిన్లాండ్ చేరిన తెలుగువారికి అద్దె ఇంట్లోనో, అదే భవనం అడుగు అంతస్తులోనో ఒక సౌనా గది తప్పక ఎదురవుతుంది. పొయ్యి మీద కాగిన రాళ్లతో వేడెక్కే, మెట్లుగా బల్లలు కట్టిన చెక్క గది అది; ఆ రాళ్ల మీద నీళ్లు పోసి ఆవిరి లేపుతారు. నవంబరు దాటాక గడ్డకట్టిన చెరువులో మంచు కోసి చేసిన మడుగులోకి నిచ్చెన పట్టుకుని దిగేవారూ కనిపిస్తారు. ఆ తర్వాత అందరూ అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే: ఎంతసేపు కూర్చోవాలి, వేడి ముందా చల్లదనం ముందా, మంగళసూత్రం తీయాలా, బీపీ ఉన్నవారు వెళ్లవచ్చా, మంచునీటిలో దిగితే ఊపిరి ఆడుతుందా. ఈ ప్రశ్నలకు పని జరిగే వరుసలోనే జవాబులు ఇక్కడ ఉన్నాయి.

కొత్తవారు వేడిని, చలిని ఎంతసేపు ఓర్చుకోగలిగామన్నదే లెక్కగా పెట్టుకుంటారు. ఆ లెక్కను మొదటి రోజే వదిలేయాలి. ఈ స్నానం ఒంటికి పట్టేది రెండింటి నడుమ తీసుకునే విశ్రాంతి వల్ల. ఆ విశ్రాంతిని ఎగ్గొట్టడం ప్రమాదకరం.

1. ఏ మేలు ఆశించవచ్చు, ఏది ఆశించకూడదు

సౌనాలో గాలి సాధారణంగా 80 నుంచి 90 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిగా, పొడిగా ఉంటుంది. చర్మం వేడెక్కగానే రక్తనాళాలు విప్పారుతాయి, గుండె నిమిషానికి 100 నుంచి 150 సార్లు కొట్టుకుంటుంది. ఒంటికి ఇది వేగంగా నడిచినంత శ్రమ. బయటికి వచ్చాక రక్తపోటు కొంత తగ్గుతుంది, బిగిసిన కండరాలు సడలుతాయి, ఆ రాత్రి చాలామందికి నిద్ర బాగా పడుతుంది.

తూర్పు ఫిన్లాండ్‌లోని కుఓపియో ప్రాంతంలో 2,315 మంది నడివయసు పురుషులను సుమారు 20 ఏళ్లపాటు గమనించిన ఒక అధ్యయనం 2015లో వెలువడింది. వారానికి ఒక్కసారి సౌనా చేసినవారితో పోలిస్తే, 4 నుంచి 7 సార్లు చేసినవారిలో హఠాత్తుగా గుండె ఆగి చనిపోయే ముప్పు 63 శాతం తక్కువగా కనిపించింది. అయితే ఇది గమనించి చెప్పిన సంగతే తప్ప, సౌనాయే కారణమని తేల్చిన ప్రయోగం కాదు. ఒంట్లో బాగున్నవారే ఎక్కువసార్లు వెళ్లి ఉండవచ్చు. పైగా అందులో స్త్రీలు లేరు.

చన్నీళ్ల ప్రభావం వేరు. చల్లటి నీరు తగలగానే ఒంటిని అప్రమత్తం చేసే నోరడ్రినలిన్ అనే రసాయనం ఒక్కసారిగా పెరుగుతుంది, మెదడు చురుకవుతుంది. మునిగి లేచాక కలిగే హుషారుకు అదీ ఒక కారణం కావచ్చు. దానివల్ల జలుబులు రావనీ, కుంగుబాటు నయమవుతుందనీ ఖాయంగా చెప్పడానికి తగిన ఆధారాలు లేవు. కుంగుబాటుకు మందులు వాడుతున్నవారు వాటిని ఆపి దీన్ని నమ్ముకోకూడదు.

బరువు తగ్గడం కోసం వెళ్లడం వృథా. ఒక పూట సౌనాలో సుమారు అర లీటరు చెమట పోతుంది, నీళ్లు తాగగానే ఆ బరువు తిరిగి వస్తుంది. చెమటతో విషపదార్థాలు పోతాయన్న ప్రచారానికీ బలం లేదు. ఆ పని కాలేయం, మూత్రపిండాలు చేస్తాయి.

2. ముందుగా వైద్యుణ్ని అడగవలసినవారు

కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా వైద్యుడి మాట విన్నాకే మొదలుపెట్టాలి. ముఖ్యంగా చన్నీళ్ల విషయంలో ఇది తప్పనిసరి.

- ఇటీవల గుండెపోటు వచ్చినవారు, కూర్చున్నచోటే ఛాతీ నొప్పి వచ్చేవారు, గుండె కవాటం బాగా ఇరుకైనవారు, గుండె లయ తప్పేవారు.
- బీపీ అదుపులో లేనివారు. వేడి రక్తపోటును దించుతుంది, చన్నీళ్లు అమాంతం పెంచుతాయి. మాత్రలు వాడుతున్నవారికి లేచి నిలబడగానే కళ్లు తిరగవచ్చు.
- మధుమేహం ఉన్నవారు. వేడికి ఇన్సులిన్ త్వరగా ఒంటికి ఎక్కి చక్కెర పడిపోవచ్చు. పాదాల్లో స్పర్శ తగ్గినవారికి కాలిన సంగతే తెలియకపోవచ్చు.
- మూర్ఛ ఉన్నవారు, చలికి వేళ్లు తెల్లబడి మొద్దుబారేవారు, చలికి ఒంటిమీద దద్దుర్లు లేచేవారు.
- గర్భిణులు.

జ్వరం, విరేచనాలు ఉన్న రోజున ఎవరూ వెళ్లకూడదు. పిల్లల కోసం ప్రయత్నిస్తున్న మగవారు ఒక విషయం తెలుసుకోవాలి: తరచుగా సౌనా చేస్తే వీర్యకణాల సంఖ్య తాత్కాలికంగా తగ్గుతుంది, మానేసిన కొన్ని నెలలకు మామూలు స్థితికి వస్తుంది.

ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు సౌనా చూపించాలని ఎవరికైనా ఉంటుంది. వారిని కింది మెట్టు మీద, 60 నుంచి 70 డిగ్రీల వేడిలో, ఐదారు నిమిషాలు కూర్చోబెట్టండి, పక్కనే మీరూ ఉండండి. మంచునీటి మునక మాత్రం వారికి వద్దు.

3. రెండు గంటల ముందు నుంచి తయారీ

భోజనం చేసి కనీసం రెండు గంటలు గడవాలి. కడుపునిండా అన్నం తిని వేడిలో కూర్చుంటే వికారం పుడుతుంది. అలాగని ఖాళీ కడుపుతోనూ వెళ్లవద్దు, ఒక అరటిపండు చాలు. గంట ముందు రెండు గ్లాసుల నీళ్లు తాగండి. మద్యం ముట్టకూడదు. సౌనాలోనూ నీళ్లలోనూ జరిగే మరణాల వెనుక తరచుగా ఉండేది అదే.

నగల సంగతి తెలుగు ఇళ్లలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 80 డిగ్రీల గాలిలో బంగారం, వెండి నాలుగైదు నిమిషాల్లోనే చర్మాన్ని కాల్చేంత వేడెక్కుతాయి. నల్లపూసల గొలుసు మెడ వెనుక, పుస్తెలు రొమ్ము మీద ఎర్రటి మచ్చలు మిగులుస్తాయి. గాజులు, ఉంగరాలు, మెట్టెలు, చెవి దిద్దులు, మొలతాడుకున్న వెండి బిళ్ల కూడా అంతే. గొలుసు తీయడం ఇష్టం లేకపోతే ఆ పూటకు పుస్తెలను పసుపు తాడుకు మార్చుకుని, వాటి మీద తడి గుడ్డ కప్పుకోవచ్చు. అదీ కుదరకపోతే కింది మెట్టు దాటవద్దు.

తలంటుకున్నట్టుగా ఒంటికి నూనె పట్టించి లోపలికి వెళ్లాలని కొందరికి ఉంటుంది. అది తప్పు. నూనె చెక్క బల్లల్లోకి ఇంకి మరక పడుతుంది, మెట్లు జారతాయి, ఆ వాసన తర్వాత వచ్చేవారిని ఇబ్బంది పెడుతుంది. నూనె రాసుకోవాలంటే స్నానమంతా అయ్యాక రాసుకోండి.

దుస్తుల విషయంలో చోటును బట్టి నియమం మారుతుంది. పురపాలక ఈతకొలనుల్లోని సౌనాల్లో స్త్రీ పురుషులకు గదులు వేరు, ఈత దుస్తులతో కూర్చోవడానికి ఒప్పుకోరు. టాంపెరేలో 1906 నుంచి నడుస్తున్న రాజాపోర్టి, హెల్సింకీలో 1928 నాటి కోటిహర్యు వంటి పాత ప్రజా సౌనాల్లోనూ గదులు వేరుగానే ఉంటాయి. హెల్సింకీ తీరాన 2016లో తెరిచిన లోయ్లూ వంటి చోట్ల అందరూ కలిసి కూర్చుంటారు కనుక ఈత దుస్తులు తప్పనిసరి. నగ్నంగా కూర్చోవడానికి మొహమాటంగా ఉంటే తువ్వాలు చుట్టుకోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

వెంట తీసుకెళ్లవలసినవి:

- రెండు తువ్వాళ్లు: ఒకటి కూర్చోవడానికి, ఒకటి తుడుచుకోవడానికి.
- తాగే నీళ్ల సీసా.
- చలికాలంలో ఉన్ని టోపీ, పొడి సాక్సులు, వదులైన వెచ్చటి బట్టలు.
- మంచు మడుగులో దిగాలనుకుంటే నియోప్రీన్ (నీటిలో వెచ్చగా ఉంచే రబ్బరు) బూట్లు, చేతి తొడుగులు.
- కళ్లజోడు, గడియారం, ఫోన్ పెట్టుకోవడానికి ఒక సంచి. వీటిని లోపలికి తేవద్దు.

4. గదిని వేడి చేయడం

ఇంట్లో సౌనా ఉన్న చాలా తెలుగు కుటుంబాలు ఆ గదిని సూట్‌కేసులు, బియ్యం సంచులు పెట్టుకునే కొట్టుగదిగా వాడుకుంటాయి. అది అర్థం చేసుకోదగినదే, కానీ ప్రమాదకరం. పొయ్యి టైమరుకు పొరపాటున చెయ్యి తగిలినా, పిల్లలు తిప్పినా సామానంతా అంటుకుంటుంది. పొయ్యి మీదుగా తాడు కట్టి బట్టలు ఆరేయడం వల్ల ఇళ్లు తగలబడిన సందర్భాలు ఫిన్లాండ్‌లో ఉన్నాయి. గదిని కొట్టుగదిగానే వాడదలిస్తే ముందు పొయ్యి ఫ్యూజు ఆపేయండి. సౌనాగా వాడదలిస్తే గదిలో బకెట్టు, గరిటె తప్ప ఏమీ ఉంచవద్దు.

విద్యుత్ పొయ్యికి 30 నుంచి 45 నిమిషాలు పడుతుంది. గాలి వేడెక్కితే చాలదు, రాళ్లు లోపలి దాకా కాగాలి. లేకపోతే నీళ్లు పోసినప్పుడు ఆవిరి లేవదు, రాళ్ల మధ్య నుంచి నేల మీదికి కారిపోతాయి. రాళ్లు పొడిపొడిగా రాలుతుంటే మార్చే సమయం వచ్చిందని అర్థం.

పల్లె కుటీరాల్లో కట్టెల పొయ్యి ఉంటుంది. దానికి గంట నుంచి గంటన్నర సమయం ఇవ్వాలి. నిప్పులు పూర్తిగా ఆరకముందే పొగగొట్టం తలుపు మూయవద్దు. వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ గదిలో నిండి ప్రాణం తీస్తుంది.

రాళ్ల మీద మామూలు కుళాయి నీళ్లే పోయాలి. సముద్రపు నీళ్లు ఇనుమును తింటాయి. సుగంధ తైలాన్ని నేరుగా రాళ్ల మీద వేస్తే మంట లేవవచ్చు. కొత్తవారికి 70 డిగ్రీలు సరిపోతుంది.

5. మొదటి విడత వేడి

ముందు సబ్బుతో స్నానం చేసి ఒళ్లు తుడుచుకోండి. ఇది ఇతరుల పట్ల మర్యాద కూడా. పొడి చర్మానికి త్వరగా చెమట పడుతుంది. పొడవు జుట్టు ఉన్నవారు దాన్ని తడిపి తువ్వాలులో చుట్టుకుంటే జుట్టు ఎండిపోదు.

తువ్వాలు పరుచుకుని కింది మెట్టు మీద కూర్చోండి. వేడి పైకప్పు దగ్గర పేరుకుంటుంది కనుక ఒక్క మెట్టు తేడాతోనే చాలా తగ్గుతుంది. మూడు నాలుగు నిమిషాలకు చెమట మొదలయ్యాక, లోపల ఇంకెవరైనా ఉంటే అడిగి, అర గరిటె నీళ్లు రాళ్ల మీద నెమ్మదిగా పోయండి.

నీళ్లు పడగానే చుయ్యిమన్న చప్పుడు వస్తుంది, ఒక క్షణం ఏమీ తెలియదు. తర్వాత కప్పు మీదుగా సాగిన ఆవిరి ముందు చెవుల అంచులకు, ఆ వెంటనే భుజాలకు, వీపుకు తగులుతుంది. అప్పుడు లేచి నిలబడవద్దు. మోకాళ్ల మీద మోచేతులు ఆనించి, తల వంచి, నెమ్మదిగా ఊపిరి తీయండి. పది పన్నెండు శ్వాసల్లో ఆ తాకిడి తగ్గి, ఒంటి నిండా సమంగా చెమట పడుతుంది. గరిటెల మీద గరిటెలు పోస్తే ఈ దశ ఎప్పటికీ రాదు.

మొదటి రోజు 8 నిమిషాలు చాలు, అలవాటైనవారు 10 నుంచి 15 నిమిషాలు ఉండవచ్చు. గోడ మీది ఇసుక గడియారం కన్నా ఒంటి సంకేతాలే నమ్మదగినవి. గుండె దడదడలాడినా, తల తేలిపోతున్నట్టున్నా, వికారంగా ఉన్నా, అంత వేడిలో రోమాలు నిక్కబొడుచుకున్నా ఆ క్షణమే బయటికి రావాలి.

పై మెట్టు నుంచి ఒక్కసారిగా దిగవద్దు. చివరి రెండు నిమిషాలు కింది మెట్టు మీద పాదాలు నేలకు ఆనించి కూర్చుని, గోడ పట్టుకుని లేవండి.

6. విరామం

బయటికి రాగానే చేయవలసిన పని ఏమీ చేయకుండా కూర్చోవడం. బాల్కనీలోనో, మెట్ల మీదనో, తువ్వాలు కప్పుకుని కనీసం ఐదు నిమిషాలు గడపండి. సున్నా డిగ్రీల గాలిలోనూ చేతుల మీంచి, భుజాల మీంచి ఆవిరి లేస్తూ ఉంటుంది, చలి అనిపించదు.

ఈ సమయంలో చర్మంలోకి చేరిన రక్తం మెల్లగా లోపలికి మళ్లుతుంది, గుండె వేగం తగ్గుతుంది. దీన్ని దాటేసి నేరుగా చన్నీళ్లలో దూకితే, విప్పారి ఉన్న నాళాలు అకస్మాత్తుగా ముడుచుకుని రక్తపోటు అమాంతం ఎగబాకుతుంది. ఆరోగ్యంగా ఉన్న యువకులు దీన్ని తట్టుకోవచ్చు. గుండెజబ్బు ఉండి కూడా ఆ సంగతి తెలియనివారు తట్టుకోలేకపోవచ్చు. లోపల ఎంతసేపు ఉన్నారో బయట కనీసం అంతసేపు ఉండడం నా దృష్టిలో మంచి కొలత.

రెండు గుక్కల నీళ్లు తాగండి. మాట్లాడేటప్పుడు ఆయాసం లేదనిపించాకే చన్నీళ్ల వైపు నడవండి.

7. చన్నీళ్లు: మెట్లు మెట్లుగా

మొదటి వారం షవరు కింద పాదాలు, మోకాళ్ల దాకా, తర్వాత చేతులు తడపండి, అంతే. రెండో వారం భుజాలు, వీపు తడిపి 30 సెకన్లు నిలబడండి. చెరువులో దిగాలనుకునేవారు సెప్టెంబరులో మొదలుపెట్టడం అన్నింటికన్నా మంచిది. నీళ్లు వారం వారం చల్లబడుతుంటే ఒళ్లు కూడా వాటితోపాటే అలవాటు పడుతుంది. ఐదారు చిన్న మునకలకే తొలి దిగ్భ్రాంతి బాగా తగ్గుతుంది. జనవరిలో తొలిసారి మంచు మడుగులోకి దిగడం సాధ్యమే, కానీ నేను ఎవరికీ సిఫారసు చేయను.

ఆ దిగ్భ్రాంతి ఏమిటో తెలిసి ఉండాలి. 15 డిగ్రీల కన్నా చల్లటి నీరు ఒంటికి తగిలితే మన ప్రమేయం లేకుండానే ఒక పెద్ద ఊపిరి లోపలికి పోతుంది, ఆ తర్వాత ఎగశ్వాస మొదలవుతుంది. మొదటి అర నిమిషంలో తీవ్రంగా ఉండి, రెండు మూడు నిమిషాల్లో సద్దుమణుగుతుంది. ఆ తొలి ఊపిరి సమయంలో తల నీళ్లలో ఉంటే నీరు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పైగా ముఖం మునిగితే గుండె నెమ్మదించాలన్న ఆదేశమూ, ఒంటి చలి వల్ల వేగం పెంచాలన్న ఆదేశమూ ఒకేసారి అందుతాయి, గుండె లయ తప్పవచ్చు. దూకవద్దు, తల ముంచవద్దు అనడానికి ఇవే కారణాలు.

మంచు మడుగులో దిగే వరుస ఇది:

- ఒంటరిగా వెళ్లవద్దు. ఒడ్డున ఒకరు మిమ్మల్నే చూస్తూ ఉండాలి. మడుగు గడ్డకట్టకుండా నీళ్లు కదిలించే పంపు, నిచ్చెన, పట్టుకునే కమ్మీ ఉన్న చోటే దిగాలి.
- టోపీ, తొడుగులు, బూట్లు వేసుకోండి. గట్టి చలిలో తడి చేయి ఇనుప కమ్మీకి అతుక్కుంటుంది.
- నిచ్చెన వైపు ముఖం పెట్టి మెట్టు మెట్టుగా దిగండి.
- నడుము దాకా వచ్చాక ఆగి, నోటితో పొడవుగా ఊపిరి వదలండి. వదులుతూనే భుజాల దాకా దిగండి.
- కమ్మీ వదలకుండా ఐదు నుంచి పది నిదానమైన శ్వాసలు తీయండి. శ్వాస అదుపులోకి రాకపోతే వెంటనే పైకి రండి.
- మొదటిసారి అర నిమిషంలో ముగించండి. మొదటి చలికాలమంతా రెండు నిమిషాలు దాటవద్దు.

చలి తెలియడం మానేసిందంటే అలవాటైందని కాదు, చర్మం మొద్దుబారిందని. వేళ్లు నిచ్చెనను గట్టిగా పట్టుకోగలుగుతున్నప్పుడే ఎక్కి రావాలి.

8. పైకి వచ్చాక

తడి తుడుచుకుని, టోపీ ఉంచుకుని, తువ్వాలు చుట్టుకుని నడవండి. పైకి వచ్చిన తర్వాత కూడా కొన్ని నిమిషాలపాటు ఒంటి లోపలి వేడి తగ్గుతూనే ఉంటుంది, వణుకు అప్పుడే మొదలవుతుంది. రెండు మూడు నిమిషాలు అలా ఉన్నాక సౌనా కింది మెట్టు మీదికి వెళ్లవచ్చు. ఎక్కువసేపు నీళ్లలో ఉండి గట్టిగా వణుకుతున్నవారిని మాత్రం వెంటనే గట్టి వేడిలో పెట్టకూడదు. పొడి బట్టలు వేసి, దుప్పటి కప్పి, వెచ్చటి తీపి పానీయం ఇవ్వాలి.

వేడి, విరామం, చన్నీళ్లు, విరామం: ఇది ఒక విడత. కొత్తవారికి రెండు, అలవాటైనవారికి మూడు విడతలు చాలు. చివర సబ్బు లేకుండా గోరువెచ్చటి నీళ్లు పోసుకుని, అర గంట కూర్చున్నాకే కారు నడపండి.

పోయిన నీరు, ఉప్పు తిరిగి చేరడానికి మజ్జిగకు మించినది నాకు తెలియదు. ఫిన్లాండ్ దుకాణాల్లో దొరికే పీమా అనే పుల్లటి మజ్జిగలో సగం నీళ్లు, ఉప్పు, దంచిన అల్లం వేసి కలిపితే చిక్కని పల్లె మజ్జిగలాగే ఉంటుంది.

9. తరచుగా జరిగే తప్పులు, వాటి సవరణ

పోటీ పడడం. హెయినోలాలో ఏటా జరిగిన ప్రపంచ సౌనా పోటీల్లో 2010 ఫైనల్లో 110 డిగ్రీల గదిలో కూర్చున్న ఇద్దరిలో ఒకరు మరణించారు, మరొకరు తీవ్రంగా కాలి ఆసుపత్రి పాలయ్యారు. ఆ పోటీలు అంతటితో ఆగిపోయాయి. పక్కవారు కూర్చున్నారని మీరు కూర్చోవద్దు.

మర్నాడు తలనొప్పి. ఇది చాలావరకు నీళ్లు తక్కువైనందువల్ల వస్తుంది. విడత విడతకూ నీళ్లు తాగండి, ఒక విడత తగ్గించండి.

నిద్ర పట్టకపోవడం. రాత్రి పొద్దుపోయాక చన్నీళ్లలో మునిగితే మెదడు మేలుకుంటుంది. పడుకోబోయే ముందు వేడి, గోరువెచ్చటి నీళ్లతో సరిపెట్టుకుని మునకను పగటికి మార్చుకోండి.

జిమ్ అయిన వెంటనే మునగడం. బరువులు ఎత్తిన వెంటనే ప్రతిసారీ చన్నీళ్లలో మునిగితే కండ పెరగడం మందగిస్తుంది. కండ పెంచుకునేవారు మునకను వేరే రోజుకు పెట్టుకోవాలి.

పిల్లలను పెద్దలతో సమానంగా కూర్చోబెట్టడం. వారి ఒళ్లు త్వరగా వేడెక్కుతుంది. కింది మెట్టు, కొద్ది నిమిషాలు, ఎప్పుడు కావాలంటే అప్పుడు బయటికి వెళ్లే స్వేచ్ఛ: ఈ మూడూ ఉండాలి. మంచు మడుగు వద్దు.

10. హైదరాబాదులోనో విజయవాడలోనో చేయాలనుకునేవారికి

చాలా జిమ్ముల్లో సౌనా అని చూపించేది ఆవిరి గది. అందులో వేడి 40 నుంచి 50 డిగ్రీలే ఉన్నా గాలి నిండా తేమ ఉండడం వల్ల చెమట ఆరదు, ఒళ్లు త్వరగా వేడెక్కుతుంది. అక్కడ పది నిమిషాలు దాటవద్దు. డాబా మీది ట్యాంకు నీళ్లు ఎండాకాలంలో చల్లగా ఉండవు కనుక కొందరు డ్రమ్ములో మంచుగడ్డలు వేసుకుంటారు. అలా చేస్తే థర్మామీటరు పెట్టి 15 డిగ్రీల దగ్గర మొదలుపెట్టండి, 10 డిగ్రీల కిందికి దించవద్దు, ఇంట్లో ఇంకొకరు దగ్గర లేకుండా దిగవద్దు.

11. వెంటనే ఆపి సాయం పిలవవలసిన సంకేతాలు

- ఛాతీలో నొప్పి లేదా బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి.
- స్పృహ తప్పడం, మాట తడబడడం, తికమకగా మాట్లాడడం.
- వేడిలో చెమట ఆగిపోయి ఒళ్లు కాలిపోవడం.
- నీళ్ల నుంచి వచ్చిన పావుగంటకు కూడా వణుకు తగ్గకపోవడం, లేదా వణుకు ఆగిపోయి మగతగా మారడం.

ఇవి కనిపిస్తే ఆ వ్యక్తిని వేడి నుంచి గానీ నీళ్ల నుంచి గానీ తప్పించి పడుకోబెట్టి, 112కు ఫోన్ చేయండి. ఫిన్లాండ్‌లోనూ భారతదేశంలోనూ అత్యవసర సంఖ్య అదే. ఫిన్లాండ్‌లో ఆ ఫోన్ ఎత్తేవారితో ఇంగ్లిషులో మాట్లాడవచ్చు. చెరువు దగ్గర ఉన్నప్పుడు చిరునామా చెప్పడం కష్టం కనుక, మీరున్న చోటును సరిగ్గా చూపించే 112 సువోమి అనే ఆప్‌ను నీళ్లలో దిగే రోజుకు ముందే ఫోన్‌లో పెట్టుకోండి. ఒడ్డున నిలబడే తోడు మనిషి ఫోన్‌లోనూ అది ఉండాలి.